రోజూ సంతకమైన బ్రేకు

ప్రతి ఉదయం కంపెనీ వ్యాను ఎక్కగానే కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకోవడం నా అలవాటు. ఇరవై రోజులుగా ఆ ప్రార్థన పొడుగైంది. బ్రేకు రెండుసార్లు తొక్కితేగాని పట్టడంలేదు. దేవుడు వింటాడనే నమ్మకం నాకుంది. అయినా బ్రేకు బాగుచేయించే పని కూడా ఆయనకే అప్పగించడం సబబా అని అప్పుడప్పుడు అనిపించేది.

నా వంతుగా రోజూ ఫిర్యాదుల పుస్తకంలో రాశాను. మేనేజరుగారు రోజూ దాని పక్కన 'చూశాను' అని సంతకం పెట్టారు.

ఆ సోమవారం డ్రైవర్లందరికీ భద్రతా శిక్షణ. ఆలస్యమైతే జరిమానా అన్నారు కాబట్టి అందరం బళ్లు ఆదరాబాదరాగా తోలుకొచ్చాం. శిక్షకుడు గంటసేపు నెమ్మదిగా నడపడం గురించి చెప్పాడు. తర్వాత మా ఫిర్యాదుల పుస్తకం తెరిచి, సంతకాల వరుస వెంట పైనుంచి కిందికి వేలు జరిపాడు. ఒక్కరోజూ తప్పలేదని మురిసిపోయి, ఇంత చక్కటి పుస్తకం ఎక్కడా చూడలేదంటూ మేనేజరుగారితో ఫోటో దిగాడు. పక్క గడిలో నేను రాసిందేమిటో మాత్రం చదవలేదు.

చివర్లో పరీక్ష పెట్టారు. బ్రేకు సరిగా లేకపోతే ఏం చేయాలి? బండి తీయకూడదు అని రాశాను. నాకు నూటికి నూరు వచ్చాయి. మేనేజరుగారే చప్పట్ల మధ్య యోగ్యతాపత్రం ఇచ్చి, ఆ వెంటనే వ్యాను తాళాలూ ఇచ్చారు. శిక్షణ వల్ల సరుకు రెండు గంటలు ఆలస్యమైందట, కాస్త తొందరగా పోవాలట.

కాదంటే ఉద్యోగం పోతుంది. ఔనంటే ఏం పోతుందో చెప్పలేను. ఇంట్లో ఇద్దరు పిల్లలు.

బ్రేకు సంగతి ఎత్తాను.

"చూశాను కదయ్యా," అన్నారాయన.

"బండి తీయకూడదని రాశానండి. దానికేగా మార్కులు వేశారు."

"అది పరీక్షయ్యా. ఇది పని."

నేను వెళ్లి వ్యాను రెండో తలుపు తీసి పట్టుకున్నాను.

"అయితే దారిలో ఉన్న వంతెన దిగేదాకా నా పక్కన కూర్చోండి సార్."

వెనకనుంచి మా పెద్ద డ్రైవరు, మేమంతా బాబాయ్ అని పిలిచే ఆయన, గొంతు సవరించుకున్నాడు. "వెళ్లండి సార్. దగ్గరుండి చూసి సంతకం పెట్టొచ్చు."

మేనేజరుగారు మెట్టుమీద ఒక కాలు పెట్టారు.

"అంత అన్యాయంగా ఉందా?" అని మెల్లగా అడిగారు.

"ఎక్కితే తెలుస్తుందండి."

ఆయన కాలు దించేశారు. తాళాలు నా చేతిలోంచి తీసుకుని మెకానిక్కుకి ఫోన్ చేశారు. ఉన్నపళంగా రావాలని, ఇది ప్రాణాలకు సంబంధించిన విషయమని గద్దించారు.

ఎవరి ప్రాణాలని నేను అడగలేదు.