వృత్తి అని ఉన్న గడి

ఇంటి పన్ను లెక్క నేను కాగితం మీదే రాసి పోస్టులో పంపుతాను. కంప్యూటర్లో పంపితే చేతిలో ఏం మిగులుతుంది? పోస్టులో అయితే రసీదు మిగులుతుంది.

ఆ రోజు గడువుకి ఆఖరి రోజు. కవరు మీద ఆనాటి ముద్ర పడకపోతే జరిమానా తప్పదు. ఇల్లు ఇద్దరి పేరా ఉంది కాబట్టి ఆలుమగలిద్దరికీ ఒకటే ఫారం. నా సంతకం అయింది, మా ఆవిడది మిగిలింది. పోస్టాఫీసు కౌంటరు ఐదింటికి మూస్తారు. నాలుగు దాటాక మా ఇనుప సామాన్ల కొట్లో ఆవిడ ముందు ఫారం పెట్టి, పెన్ను మూత తీసి మరీ అందించాను.

ఆవిడ పెన్ను పక్కన పెట్టి కళ్ళజోడు తగిలించుకుంది.

"ఇప్పుడు చదువుతావా?"

"చదవకుండా సంతకం పెడితే కొంప మునుగుతుందన్నది ఎవరు?"

నేనే. పెళ్ళైన కొత్తలో అన్నాను. అప్పిచ్చిన డబ్బయినా మునుగుతుందేమో గానీ, పెళ్ళానికి చెప్పిన నీతి మాత్రం వడ్డీతో సహా తిరిగొస్తుంది.

ఒక్కో గడి కింద వేలు పెట్టి చదువుతోంది. మధ్యలో ఒకాయన తలుపు తాళం పడటం లేదని, కొత్త తాళం కావాలని వచ్చాడు. "తాళం మంచిదే బాబూ, మీ తలుపే కిందికి జారింది. బందులకి ఈ మరలు బిగించుకోండి" అని మరలు పొట్లం కట్టి ఇచ్చి, మళ్ళీ కూర్చుంది.

"ఏమండీ, నా వృత్తి దగ్గర 'ఏమీ లేదు' అని రాశారేం?"

"మామూలుగా అలాగే రాస్తారులే."

"ఇందాక మరలు అమ్మింది ఎవరు, 'ఏమీ లేదు' గారా?"

"వచ్చే ఏడు మారుస్తాను. దానివల్ల పన్నులో పైసా తేడా రాదు."

"పైసా ఖర్చు లేని పనికి ఇంత బేరమా? గల్లాపెట్టె కింద ఖాళీ ఫారం దాచారుగా, తీయండి."

తీశాను. కొట్టివేతలుంటే తిప్పి పంపుతారని నేనే చెప్పి ఉన్నాను కాబట్టి మొదటి పేజీ అంతా ఇంకో పెన్నుతో మళ్ళీ రాశాను. వృత్తి దగ్గరికొచ్చి "కొట్లో సాయం" అనబోయాను. ఆవిడ తన చేతిలో పెన్నుకి మూత బిగించింది. నా గడిలో ఏముందో అదే ఆవిడ గడిలోనూ రాశాను: వ్యాపారం. అప్పుడు మూత తీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టింది.

"పరుగెత్తకండి, మోకాలు పట్టేస్తుంది" అంది.

పరుగెత్తాను. అయినా ఐదు దాటింది. పోస్టాఫీసు గుమాస్తా కౌంటరు కిటికీ సగం దించి, తాళంతో కుస్తీ పడుతున్నాడు.

"మూసేశారా బాబూ?"

"ఎక్కడండీ, ఇది పడితే కదా. వారం నుంచీ ఇంతే, వేసేసరికి పావుగంట పడుతోంది. పొద్దున కొట్టుకొచ్చి అమ్మగారికి చెప్పానే, మీతో అనలేదా?"

అనలేదు. అంత సరుకున్న కబురు చేతిలో పెట్టుకుని, బేరం తెగేదాకా బయట పెట్టకుండా, పరుగెత్తొద్దని మాత్రం అంది.

అతను కిటికీ ఎత్తి, కవరు తూచి, ముద్ర గుద్ది రసీదు ఇచ్చాడు.

"కొత్త తాళం ఎంతవుతుందండీ?"

"నన్నడక్కు" అన్నాను, రసీదు జేబులో పెట్టుకుంటూ. "కొట్లో పెద్ద వ్యాపారి ఉంది. బేరం అక్కడే చేసుకో, నీ ఓపిక."