ఉప్పు లేని గటక

“ఉప్పు తక్కువైంది,” అన్నాడు ఓంప్రకాశ్. ఫోన్ మీది నుంచి చూపు తీయలేదు.

ఉప్పు డబ్బా అతని మోచేతి పక్కనే ఉంది. రమ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, మూత తీసి, చిటికెడు అతని పళ్ళెంలో వేసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. పెళ్ళయిన నాటి నుంచి ఇదే వరస. ఒకరోజు ఎక్కువైందంటారు, ఒకరోజు తక్కువైందంటారు. సరిపోయిందని మాత్రం ఎవరూ అనరు. సరిపోయిన రోజు మాట్లాడకుండా తిని లేస్తారు. హసన్‌పర్తిలో ఆమె పనిచేసే హాస్టల్ మెస్సులోనూ అంతే. పెద్ద గంజులో పప్పు కలియబెడుతుంటే సూపర్‌వైజర్ వెనక నిలబడి, “మీ ఇంటి చెయ్యి సంగతి ఎరికే గని, జర చూసెయ్యి అక్కా,” అంటాడు. తోటి ఆడవాళ్ళు నవ్వుతారు. మొదట్లో రమ కూడా నవ్వేది.

మీ ఇంటి చెయ్యి అంటే ఉప్పు చెయ్యి. ఓంప్రకాశ్ ఇంటి కోడళ్ళకు ఊరు పెట్టిన పేరు అది. ఆడబిడ్డలకూ అంటుకుంటుంది.

ధర్మసాగర్ చెరువు దాటి లోపలికి పోతే వచ్చే ఆ ఊరిని గుట్టను బట్టి గుర్తుపడతారు. అది మొండయ్య గుట్ట. మొండయ్య కథ తెలియని పిల్లలు ఆ చుట్టుపక్కల లేరు. దొరల కాలంలో అతను గడీకి కన్నం వేసి, వడ్ల గుమ్ములు పగలగొట్టి, లేనివాళ్ళ వాకిళ్ళలో కుమ్మరించి పోయేవాడు. ఎక్కడా ఉప్పు వేసిన కూడు ముట్టేవాడు కాదు. ఉప్పు తిన్నవాడు ఆ ఇంటికి కట్టుబడాలి, కట్టుబడినవాడి కాళ్ళు కదలవు, కదలనివాడు దొంగతనం ఏం చేస్తాడు. అందుకని సొంత ఇంట్లో కూడా జొన్నరవ్వతో కాచిన చప్పిడి గటకే తినేవాడు. ఒకనాడు పెండ్లాం కట్టమ్మ ఆ గటకలో ఉప్పు వేసింది. తిన్నవాడు తిన్నచోటే కూలబడ్డాడు. దొర మనుషులు గుట్ట మీదికి ఈడ్చుకుపోయి తల నరికారు. కట్టమ్మ దొరకు అమ్ముడుపోయిందని కథ. ఆ తర్వాత ఆమె ఏమైందో కథలో లేదు. ఎవరూ అడగలేదు.

మొండయ్య కట్టమ్మల కూతురు ఇల్లరికం తెచ్చుకుని నిలిపిన ఆ ఇల్లే ఓంప్రకాశ్ వాళ్ళది. కట్టమ్మ చేసిన పాపానికి ఏటా కార్తీక అమావాస్య నాడు ఆ ఇంటి కోడలు జొన్న గటక వండి, కొత్త కుండలో పోసి, పొద్దు గూకే వేళ గుట్ట మీద పెట్టి రావాలి. రుచి చూడకూడదు. పెట్టినాక వెనక్కి తిరిగి చూడకూడదు. ఆ రోజు ఇంట్లో ఉప్పు రవ్వ ఉండకూడదు. పొద్దున్నే డబ్బాను పక్కింటి సుభాషిణి ఇంట్లో పెట్టి, మర్నాడు తెచ్చుకుంటారు. ఎప్పుడో ఒక ఏడు గటక పెట్టకపోతే పసుల వెంట గుట్టకు పోయిన ఇంటి పిల్లవాడు తిరిగి రాలేదట.

అత్త చిలుకమ్మ తన మోకాళ్ళు పనిచేసినన్నాళ్ళు మోసింది. రమ వచ్చినాక ఆ కుండ రమ నెత్తికెక్కింది. గుట్ట దిగి వచ్చినప్పుడల్లా చిలుకమ్మ అరుగు మీద కూర్చుని ఒకటే మాట అడుగుతుంది: “ఎనకకు చూడలేదు గద?” లేదు అత్తమ్మా అంటే, రమ ముఖంలోకి కాసేపు చూసి, తల తిప్పుకుంటుంది.

కుండ ఆడవాళ్ళకు వచ్చింది. మొండయ్య మాత్రం మగవాళ్ళకు వచ్చాడు. ఓంప్రకాశ్ మొండయ్య యువజన సంఘానికి అధ్యక్షుడు. ఊరి మొదట్లో కట్టిన ఫ్లెక్సీలో గొడ్డలి పట్టుకున్న మొండయ్య, కింద దండం పెడుతున్న ఓంప్రకాశ్, ‘మొండన్న వారసుడు’ అని పెద్ద అక్షరాలు. ఆ పేరుకు అన్యాయం చేసే మనిషి కాడు. ఎవరికి నొప్పి వచ్చినా బండి తీస్తాడు. ఎవరి ఇంట్లో చావు జరిగినా ముందు అతనే ఉంటాడు. ప్రకాశన్న దేవుడసొంటి మనిషి అంటారు. ఆ మాట వెనకే, ఉప్పు చేతి దానికి దొరికిండు సూడు అని కూడా అంటారు. కిందటి వానకాలంలో కూతురు సౌమ్యకు డెంగ్యూ వచ్చింది. ఒళ్ళు కాలిపోతూ పిల్ల మాటలు తప్పుతుంటే రమ అతని బండికి అడ్డం నిలబడి, ఒక్క పొద్దు ఇంట్ల ఉండు అన్నది. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎవరికో నెత్తురు ఎక్కించాలట, అతనిది ఆ గ్రూపట. “మందికి అక్కరున్నప్పుడు ఇంట్ల కూసుంటే ఎట్ల రమా? నువ్వున్నవు గద,” అన్నాడు. రమ సుభాషిణిని తోడు తీసుకుని ఆటోలో పిల్లను దవాఖానకు తీసుకుపోయింది. పిల్ల బతికింది. నెత్తురు ఇచ్చినందుకు సంఘం వాళ్ళు ఓంప్రకాశ్‌కు శాలువా కప్పారు. ఆ శాలువాను ఉతికి మడతపెట్టింది కూడా రమే.

అమావాస్య ముందు రోజు, ఉప్పు తక్కువైన ఆ పొద్దున, చిలుకమ్మ తమలపాకు నములుతూ, కొడుకు తిని చెయ్యి కడిగేదాకా ఆగి, చెప్పింది.

“రేపు గటక కుండ సౌమ్య నెత్తిన పెడ్తం.”

రమ చేతిలో గంటె ఆగింది. “అదెందుకు అత్తమ్మా? కోడండ్లు గదా పోయేది.”

“కోడలు యాడికెల్లి వస్తది? నువ్వు మొగపోరన్ని కన్నవా? రేపు ఇల్లరికం తెచ్చుకున్నా ఈ ఇంట్ల ఉండేది అదే. ఎండకాలంల పెద్దమనిషి గూడ అయిపాయె. అలవాటు గావాలె.”

“బడిల ఇప్పటికే ఉప్పు సౌమ్య అని పిలుస్తాండ్రు. కుండ మోస్తె ఇగ బడికి పోతదా అది?”

“నన్ను అనలేదా? నిన్ను అనలేదా? సచ్చినమా?”

రమ మొగుడి వైపు చూసింది. అతను బండి తాళం చెవి కోసం జేబులు తడుముకుంటున్నాడు. “ఊరంత చూస్తది రమా. సంఘం పెట్టినోని ఇంట్లనే ఆపితే మందికి ఏం మొకం చూపియ్యాలె? ఏడాదికి ఒక్కపాలి. గుట్టెక్కి దిగుడే గదా.”

“గుట్టెక్కి దిగుడే అయితే నువ్వు పో.”

అతను నవ్వాడు. నిజంగానే నవ్వు వచ్చింది అతనికి. “మొగోళ్ళు పోతరా?” అన్నాడు.

చివరికి, ఈ ఒక్కసారికి తానే పోతానని, వచ్చే ఏడు చూద్దామని రమ బతిమాలితే చిలుకమ్మ సరేనన్నది. “వచ్చే ఏడు మాత్రం మాట లేదు,” అన్నది. ఆ సాయంత్రం మెస్సు నుంచి వస్తూ రమ బస్సు స్టేజీ దగ్గర సౌమ్యకు జామకాయలు కొన్నది. అమ్మేవాడు అలవాటుగా కాగితంలో ఉప్పుకారం పొట్లం కట్టిచ్చాడు. జామకాయలు పిల్ల చేతికిచ్చింది. పొట్లం సంచిలో వేసిన సంగతి మరచిపోయింది.

మర్నాడు పొద్దు వాలుతుండగా గుట్ట ఎక్కింది. నెత్తిన కుండ, భుజాన సంచి, సంచిలో ఫోను. సీతాఫలం చెట్లు ఆకు రాల్చి ఉన్నాయి. గుట్టలో ఒక పక్కను గ్రానైట్ వాళ్ళు కోసుకుపోయారు, రెండో పక్కనే బాట. పైన నిలబడితే ధర్మసాగర్ నీళ్ళు ఎర్రగా కనిపిస్తున్నాయి. ఎప్పుడూ పెట్టే బండ మీద మోదుగాకు పరిచి, కుండ దించి, వెనక్కి తిరిగింది.

నాలుగు అడుగులు వేసిందో లేదో చప్పుడు వినపడింది. కుండ అడుగు గీకుతున్న చప్పుడు. దయ్యం అరిచి ఉంటే రమ పరుగెత్తేదే. పిలిచి ఉంటే పలికేది కాదు. కానీ ఇది అందరూ తినిపోయినాక అడుగున ఏమైనా మిగిలిందా అని ఒక ఆడది తెడ్డుతో గీకే చప్పుడు. రోజూ తన చేతికింద వినే చప్పుడు. ఎవరక్కడ అని ఆలోచించకముందే తల తిరిగింది.

బండకు ఆనుకుని ఒక మగమనిషి కూర్చున్నాడు. మెడ మీద తల లేదు. తల అతని ఒడిలో ఉంది, కళ్ళు మూసుకుని. కుడి చేత్తో గటక ముద్ద తీసి ఆ తల నోట్లో పెడుతున్నాడు. తల నములుతోంది, మింగుతోంది. మింగింది మింగినట్టు తెగిన గొంతులోంచి జారి బండ మీద పడుతోంది. అతని ముందు ఒక ఆడమనిషి గొంతుక్కూర్చుని, పడినదాన్ని దోసిట్లోకి ఎత్తి, మన్ను ఏరి, నీళ్ళు చిలకరించి, కుండలో వేసి, తెడ్డుతో కలిపి, మళ్ళీ అతని ముందుకు జరుపుతోంది. అతను మళ్ళీ ముద్ద తీస్తున్నాడు. ఆమె మళ్ళీ ఎత్తుతోంది.

రమకు భయం వేసింది. కానీ అనుకున్నంత వేయలేదు. ఆమె చూసింది ఆ ఆడమనిషి మడమలను. తన మడమల్లాగే పగిలి ఉన్నాయి. నుదుటి మీద ఒక పక్క రాయి తగిలి గుంటపడిన గుర్తు ఉంది.

“కోడలివా?” అన్నది ఆ మనిషి, పని ఆపకుండా.

“ఔ. రమ.”

“ఉప్పున్నదా?”

రమ కుండ వైపు చూసింది.

“ఏటేటా తెస్తరు, చప్పిడిదే తెస్తరు,” అన్నది కట్టమ్మ. “చప్పిడిది తిన్నోనికి ఆకలి తీరదు, ఎవలు పెట్టిండ్రో యాదికుండదు. ఎన్నేండ్లు పెట్టినా నాకు బాకీ లేడు.”

“నువ్వెందుకేసినవు ఆ పొద్దు? దొరకు అమ్ముడుపోయినవంటరు.”

కట్టమ్మ తెడ్డు ఆపింది. కోపం తెచ్చుకోలేదు. “దొర మొకం నేను సూడనే లేదు. గా పొద్దు పోరికి జరం. ఒళ్ళు పెనం లెక్క కాలవట్టె. ఒక్క పొద్దు ఇంట్ల ఉండుమన్న. మందికి అక్కరున్నదన్నడు. ఉప్పేస్తె ఆగుతడనుకున్న. ఆగిండు. గంతే.”

కింద ఊళ్ళో సంఘం వాళ్ళు మైకు సరిచేసుకుంటున్నారు. మొండన్నకు జై అని ఒక గొంతు వచ్చి ఆగిపోయింది. గంతే అన్న ఆ ఒక్క మాట ఎవరూ అడిగి విననందుకు ఎంతమంది ఆడవాళ్ళు కుండలు మోశారో రమకు తెలియదు. ఫోను టార్చి వేద్దామని సంచిలో చెయ్యి పెట్టింది. వేళ్ళకు కాగితం పొట్లం తగిలింది.

తీసి విప్పింది. ఉప్పూ కారమూ కలిసి కొంచెం చెమ్మపట్టి ఉంది. కట్టమ్మ దాన్ని చూసింది, రమను చూసింది. అడగలేదు. రమే వంగి కుండలో పోసింది. కట్టమ్మ తిప్పింది.

మగమనిషి ముద్ద తీసి తల నోట్లో పెట్టాడు. తల నమిలింది. మింగింది. బండ మీద ఏమీ పడలేదు. కట్టమ్మ దోసిలి పట్టుకునే ఉంది, అలవాటుకొద్దీ. దోసిలి ఖాళీగా ఉంది. ఒడిలోని తల కళ్ళు తెరిచింది. చెరువు వైపు చూడలేదు, ఊరి వైపు చూడలేదు, కట్టమ్మను చూసింది.

“పోరికి జరం తగ్గిందా?” అన్నాడు మొండయ్య.

“నాకేమెరుక?” అన్నది కట్టమ్మ. “మందంత కలిసి నన్ను ఈడికి ఉరికిచ్చి రాళ్ళతోని కొట్టి సంపిండ్రు. పోరిని సూడనియ్యలేదు. గామెనడుగు.”

ఇద్దరూ రమ వైపు తిరిగారు. రమ “తగ్గింది,” అన్నది. “బతికింది. ఇల్లరికం తెచ్చుకున్నదట. మా ఇంటోళ్ళంత ఆమె కడుపుల పుట్టినోళ్ళే.”

కట్టమ్మ కుండను తన ముందుకు లాక్కుంది. బాసింపట్టు వేసి కూర్చుని, వేలితో అంచు తుడిచి, మిగిలిన గటకంతా తిన్నది. తొందర పడలేదు.

“ఉప్పు సరిపోయింది,” అన్నది.

లేచి, తెడ్డును మొండయ్య చేతిలో పెట్టి, “కుండ కడుగు,” అని చెప్పి, గ్రానైట్ వాళ్ళు తవ్విన పక్కకు నడిచింది. అటు బాట లేదు. అయినా నడిచి దిగిపోయింది.

రమ ఇంటికి వచ్చేసరికి చిలుకమ్మ అరుగు మీద ఉంది. “ఎనకకు చూడలేదు గద?” అన్నది. రమ నేరుగా పక్కింటికి పోయి ఉప్పు డబ్బా అడిగింది. “రేపు గదా తీసుకపోయేది?” అన్నది సుభాషిణి. “ఇయ్యాలనే కావాలె,” అని తెచ్చుకుంది. పప్పులో వేసి కలిపి ముగ్గురికి పళ్ళేలు పెట్టింది. సౌమ్య అప్పటికే పాలు తాగి పుస్తకాల మీద నిద్రపోయింది.

ఓంప్రకాశ్ తాళం చెవి పళ్ళెం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. “జల్ది పెట్టు. సంఘం కాడ మంది ఎదురుచూస్తాండ్రు.” ముద్ద నోట్లో పెట్టుకుని, మింగి, ఆగాడు. “ఇండ్ల ఉప్పున్నది.”

“ఏసిన.”

“ఇయ్యాలనా? పిచ్చిలేసిందా నీకు?”

“గుట్ట మీద గూడ ఏసిన. తిన్నడు.” రమ అతని పక్కనున్న తాళం చెవి తీసి తన కొంగుకు ముడివేసుకుంది. “వచ్చే ఏడు సౌమ్య పోదు. నేను గూడ పోను. మంది అడిగితే కట్టమ్మ ఎందుకేసిందో నేనే మైకుల చెప్త. ఇయ్యాల నువ్వు ఇంట్లనే ఉండు.”

ఓంప్రకాశ్ “చూసినవా అమ్మా,” అని తల్లి వైపు తిరిగాడు.

చిలుకమ్మ పళ్ళెంలో చెయ్యి పెట్టలేదు. రమ ముఖంలోకే చూస్తోంది, ఏటా చూసినట్టే. ఈసారి తల తిప్పుకోలేదు. కట్టమ్మ అక్కడున్నదని రమ ఎవరితోనూ అనలేదు.

“ఆమె తిన్నదా?” అన్నది చిలుకమ్మ.

“తిన్నది అత్తమ్మా.”

చిలుకమ్మ పళ్ళెం ముందుకు జరిపింది. “జర ఇంకింత ఏయి నాకు,” అన్నది, ఉప్పు డబ్బా వైపు చూస్తూ.