మొదటి పుల్లలు

చాంగీ విమానాశ్రయంలో పనిచేసి రిటైరైనవాళ్ళు ఏటా చైనీస్ కొత్త సంవత్సరానికి ఒక హోటల్లో కలుస్తారు. బల్ల మధ్య పచ్చిచేప, ముల్లంగి తురుము కలిపిన యూషెంగ్ పళ్ళెం. అందరూ లేచి, తినే పుల్లలతో దాన్ని పైకి ఎగరేస్తారు. ఎంత ఎత్తుకు ఎగిరితే అంత అదృష్టం. పళ్ళెంలో మొదటి పుల్లలు పెట్టే హక్కు మాత్రం అందరికన్నా దూరపు విమానానికి దారి గీసినవాళ్ళది. తొమ్మిదేళ్ళుగా అది సియా హాక్ చాయ్‌దే. లాస్ ఏంజలెస్‌కు మధ్యలో ఆగకుండా పోయే దారి ఆయన గీసిందే మరి.

ఈ ఏడు హో స్యూ లాన్ కూడా రిటైరై వచ్చింది. ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. ఆమె గీసింది న్యూయార్క్ దారి. ఆ దూరం హాక్ చాయ్ చెవిలో దూరనన్నది గానీ, కడుపులో దూరి మంట పెట్టింది.

"ఎంతమ్మా నీ దూరం?" అన్నాడు టీకప్పులోకి చూస్తూ.

"ఎనిమిది వేల రెండొందల ఎనభై మైళ్ళు సార్."

హాక్ చాయ్ నడుం నిటారైంది. ఇంట్లో అద్దం కట్టించుకున్న, తన విమానం ప్రారంభోత్సవపు కరపత్రం కళ్ళముందు మెదిలింది. "నాది ఎనిమిది వేల ఏడొందల డెబ్బై."

ఎక్కడో లెక్క తేడా కొడుతోందని ఆయనకు తెలుస్తూనే ఉంది. కానీ మైలు మీద మోజు మనసుకు మైల పట్టించింది. పుల్లలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగు అన్నా," అన్నాడు రహ్మత్. ఆయన విమానాలకు భోజనాలు ఎక్కించి రిటైరైనవాడు. "నీ విమానానికి మనిషికి రెండు భోజనాలు ఎక్కించాను, ఈమెదానికి మూడు. దగ్గర ఊరికి వెళ్ళేవాళ్ళకి ఆకలెక్కువా?"

బల్ల చుట్టూ నవ్వులు. స్యూ లాన్ నవ్వలేదు.

"సార్, మీ అంకె కరపత్రంలోదా?"

పళ్ళెంలో ముల్లంగి చల్లగా ఉంది, హాక్ చాయ్ చెవులే వేడెక్కాయి.

"ఈ పాఠం నాకు నేర్పింది మీరే. వీళ్ళకీ మీరే చెప్పండి," అంది ఆమె.

చెప్పకపోతే ఆమె చెబుతుంది. అది ఇంకా మంట. పుల్లలు ఆమె వైపు జరిపి లేచాడు.

"దారి గీసే గదిలో లెక్కంతా సముద్రపు మైళ్ళలోనే, ఈమె చెప్పిందీ అవే. అది మామూలు మైలు కంటే పొడుగు. కరపత్రం ప్రయాణికుల కోసం వేసింది, అందులోవి మామూలు మైళ్ళు. అంకె పెద్దగా ఉందని తొమ్మిదేళ్ళు అదే చెప్పుకున్నాను. అసలు లెక్కలో నాది ఏడు వేల ఆరొందల ఇరవై."

"అయితే ఈమెది ఎంత ఎక్కువ అన్నా?" అన్నాడు రహ్మత్, వదలకుండా.

"ఆరొందల అరవై," అన్నాడు హాక్ చాయ్. గొంతు సవరించుకుని, "సముద్రపు మైళ్ళే," అని కూర్చున్నాడు.