సోనీపత్ దోమ

సుధీంద్ర గారు ఇరవై ఏళ్లుగా ఒక్క జన్యువు మీదే పనిచేశారు. ఒడిశా చిత్తడి నేలల్లో పెరిగే అడవి వరిలో దాన్ని పట్టుకుని, దిగుబడి బాగా ఇచ్చే రకంలోకి సంకరం చేస్తూ వచ్చారు. ఆ జన్యువున్న మొక్క మీద, వరి రసం పీల్చే పురుగు సుడిదోమ వాలి, సూది లాంటి నోటిని కాండంలోకి దించితే మొక్క పసిగడుతుంది. రసం పారే గొట్టాలను మూసేస్తుంది. దోమ మొక్కను అంటిపెట్టుకునే ఆకలితో చస్తుంది. మందు కొట్టే పని ఉండదు.

ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న హాసినిది అమలాపురం. బేర్ సరాయ్‌లో గది తీసుకుని ఉంటోంది. కొత్త వంగడం విడుదలకు దగ్గరపడిన ఆ సెప్టెంబరులో, సోనీపత్ దగ్గర తన పొలంలో దాన్ని ప్రయోగంగా వేసిన రైతు ధరమ్‌వీర్ ఆమెకు ఫోన్ చేశాడు.

"మేడమ్‌జీ, ఒకసారి వచ్చి దేఖ్ లీజియే. పొలం మధ్యలో ఎండిపోతోంది."

గట్టు మీంచి చూస్తే చేను పచ్చగానే ఉంది. లోపలికి నడిస్తే నడుమ గుండ్రంగా, కాల్చినట్టు, గడ్డి రంగులో ఒక మచ్చ. హాసిని వంగి దుబ్బులు విడదీసింది. నీటికి కాస్త పైన మొదళ్లు కనపడనంతగా దోమ పట్టి ఉంది. వాటిని పట్టి, వల కట్టిన డబ్బాలో వేసుకుని, ఒళ్లో పెట్టుకుని ఢిల్లీ వచ్చింది.

గ్లాస్‌హౌస్‌లో రెండు ట్రేల్లో కొత్త వంగడం నారు పెట్టింది. ఒకదాని మీద సంస్థలో ఏళ్లుగా పెంచుతున్న దోమల్ని, రెండోదాని మీద సోనీపత్ దోమల్ని వదిలింది. మొదటి ట్రే పచ్చగా నిలిచింది. రెండోది ఎండుగడ్డి అయిపోయింది.

"లోపల వేడి ఎక్కువైందేమో. మళ్లీ పెట్టుమ్మా," అన్నారు సుధీంద్ర.

మళ్లీ పెట్టింది. అదే జరిగింది.

"మన దోమలతో నీ థీసిస్ అయిపోయింది గదా," అన్నారాయన ఈసారి, ఆమె వైపు చూడకుండా. "సోనీపత్ దోమ దాంట్లోకి ఎందుకు? ఇచ్చేసి ఉద్యోగం చూసుకో."

"విత్తనం రైతులకి వెళ్లిపోతే ఎలాగండి సార్?"

ఆయన బల్ల మీది ఫైళ్లు సర్దుకోసాగారు. హాసిని కదల్లేదు.

"రెండో జన్యువు కూడా కలిపితే ఆగుతాయేమోనండి."

"ఆగొచ్చు. దానికి ఎనిమిదేళ్లు కావాల. నాకుండే సర్వీసు మార్చి దాకా."

మర్నాడు ఆయనే గ్లాస్‌హౌస్‌కి వచ్చారు. సోనీపత్ దోమలున్న మొక్కల అడుగున హాసిని రంగు అద్దిన కాగితాలు పరిచి ఉంచింది. రసం తాగిన దోమ విసర్జన పడితే ఆ నారింజ రంగు కాగితం నీలంగా మారుతుంది. పస్తు ఉన్న దోమ కింద దాదాపు ఏమీ ఉండదు. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని ఒక్కో కాగితమూ వెలుగుకు ఎత్తి చూశారు. అన్నిటి మీదా పెద్ద పెద్ద నీలి మరకలే.

"కడుపు నిండా తాగినాయి," అన్నారు. "మొక్క మూయలేదా, మూసినా ఇవి తెరిచినాయా?"

"కాండం కోసి చూశానండి. మొక్క మూస్తూనే ఉంది. ఇవి తెరిచేస్తున్నాయి."

"మన వరి మీద ఆకలికి తట్టుకున్న నాలుగే గదా పిల్లల్ని పెట్టింది. గట్టివాటిని మనమే ఏరి పెంచినట్లయింది."

ఆ పూటంతా ఆయన అక్కడే కూర్చున్నారు. హాసిని టీ తెచ్చి పక్కన పెడితే తాగలేదు.

నవంబరులో విడుదల కమిటీ ముందు ఆయనే లేచి వంగడాన్ని వెనక్కి తీసుకుంటున్నానన్నారు. హర్యానాలో కాకపోతే దక్షిణాదికి ఇద్దామని ఒకరు సలహా ఇచ్చారు.

"గాలి వీస్తే ఈ దోమ అక్కడికీ పోతుంది," అన్నారు సుధీంద్ర. కమిటీ ఆ ఫైలు మూసేసింది.

సంగతి ధరమ్‌వీర్‌కి చెప్పడానికి ఇద్దరూ సోనీపత్ వెళ్లారు. అప్పటికి మడంతా పోయింది. తాలు గడ్డి కోసి గట్టు మీద పడేసి ఉంది. గొడ్లు కూడా దాన్ని ముట్టలేదట.

"అగ్‌లీ బార్, వచ్చే పంటకి, ఏం వేయాలి సాబ్?" అని అడిగాడు రైతు.

"పాత రకమే వేయండి. కనిపెట్టుకుని ఉండి మందు కొట్టాలి."

"మందు నా దగ్గర ఉంది. మీరు వద్దన్నారనే కొట్టలేదు."

అతను గొంతు పెంచలేదు. సుధీంద్ర గారు చేతులు జోడించారు. ధరమ్‌వీర్ ఆ చేతుల వైపు చూసి ట్రాక్టరు దగ్గరికి వెళ్లిపోయాడు.

మార్చిలో ఆయన రిటైరై నోయిడాలో కూతురి ఫ్లాటుకి మారారు. హాసిని ఫోన్ చేస్తే ఆరోగ్యం గురించి రెండు మాటలు మాట్లాడతారు. వరి మాట ఎత్తితే "ఠీక్ హైమ్మా, ఉంటా" అని పెట్టేస్తారు.

థీసిస్‌లో సోనీపత్ దోమ గురించి ఆమె పూర్తిగా రాసింది. చూసిపెట్టుకున్న కంపెనీ ఉద్యోగం వదులుకుని సంస్థలోనే ఒక చిన్న ప్రాజెక్టులో చేరింది. విత్తన భాండాగారం నుంచి అడవి వరి రకాలు తెచ్చి నారు పోస్తోంది, ఆ దోమల్నే వదులుతోంది. ఇంతవరకు ఒక్కటీ నిలబడలేదు. ఈ వారం ఎండినవాటిని పీకి పారేసి, ట్రేల్లో కొత్త మట్టి నింపుతోంది.