బావగారి సైలెన్సర్ చట్టం

మా పట్టణంలో బండి భాగాలు దొంగిలించేవాళ్ళకి అయిదేళ్ళ జైలు పెట్టించింది ఎవరయ్యా అంటే, నేనే. కాగితం మీద మా బావ పేరుంటుంది, నిజమే. పట్టణ సభకి ఆయన అధ్యక్షుడు కాబట్టి సంతకం ఆయన పెట్టాడు. కానీ ఆలోచన నాది, పట్టుదల నాది, సభలో బల్ల గుద్ది అందరి నోళ్ళూ మూయించిన గొంతూ నాదే. ఆ రోజు నేను మాట్లాడుతుంటే పైన తిరిగే ఫ్యాను సిగ్గుపడి ఆగిపోయింది.

నా కోపానికి కారణం నా స్కూటర్ అద్దం. ఎంత శుభ్రంగా తుడిచేవాణ్ణంటే, మా వీధి కాకులన్నీ పొద్దున్నే వరసలో నిలబడి అందులో ముక్కులు సవరించుకునేవి. ఒకరోజు చూస్తే కాడ ఉంది, అద్దం లేదు. అప్పుడే పక్కింటాయన కారుకి చక్రాలు పోయాయి, పాపం దాన్ని ఇటుకల మీద నిలబెట్టి పోయారు. ఇక సైలెన్సర్ల సంగతి చెప్పక్కర్లేదు. పొగని శుభ్రం చెయ్యడానికి దాని పొట్టలో ఏదో ఖరీదైన లోహం ఉంటుందట. దొంగలు బండి కింద దూరి రంపంతో కోసుకుపోయేవాళ్ళు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఊళ్ళో సగం కార్లు సింహాల్లా గర్జించేవి.

అంచేత చట్టం వచ్చింది. సైలెన్సర్ మీది నంబరూ బండి నంబరూ ఒకదానితో ఒకటి కలవాలి. కలవకపోతే అది దొంగ సరుకు, బిగించినవాడు దొంగ. బెయిలు లేదు, జరిమానాతో సరిపెట్టడం లేదు, "అది కాదండీ" అనడానికి వీల్లేదు. తనిఖీ దళం అని ఒకటి పెట్టారు. వాళ్ళు పొడుగాటి కర్రకి అద్దం కట్టుకుని, కనబడ్డ ప్రతి బండి కిందా పెట్టి చూస్తూ తిరిగేవాళ్ళు. మా బావ బొమ్మ ప్రతి కూడలిలోనూ వెలిసింది, 'దొంగల పాలిట సింహస్వప్నం' అని. ఆ బొమ్మలో మీసం అసలు మీసానికి రెండింతలుంది.

దొంగలేం చేశారు? తెలివైనవాళ్ళు పక్క ఊరికి మకాం మార్చారు. తెలివితక్కువవాళ్ళు దొరికారు. దొరికినవాళ్ళ తిండీ, బట్టా, కాపలా మా ఊరి ఖర్చే. జప్తు చేసిన బండ్లకి స్థలం, స్థలానికి గోడ, గోడకి ముళ్ళకంచె, కంచెకి కాపలావాళ్ళు. దాంతో వీధి దీపాలు ఒకటి విడిచి ఒకటి ఆరిపోయాయి. రోడ్డు గోతుల్లో బాతులు కాపరం పెట్టాయి. డయాలసిస్ రోగుల కోసం కొంటామన్న కొత్త వ్యాను సంగతి, వచ్చే ఏడు చూద్దామన్నారు.

ఉన్న పాత వ్యానులో వెళ్ళేవాళ్ళలో మా అక్క ఒకతి. అంటే, బావ పెళ్ళామే.

అక్కకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఒక విడత తప్పితే కాళ్ళు వాస్తాయి, ఇంకోటి తప్పితే ఊపిరాడదు. సభవారి వ్యాను ఆమెనీ, ఇంకో నలుగుర్నీ తీసుకెళ్ళి తీసుకొచ్చేది. ఇంట్లో కారుండగా వ్యానెందుకని అడిగితే, "మీ బావ పక్కన కూచుంటే దారంతా ఉపన్యాసం. వ్యానులో నాతోటివాళ్ళుంటారు, హాయిగా రోగాల గురించి మాట్లాడుకుంటాం" అనేది.

నిజానికి ఆ వ్యాన్లు రెండు. ఒకటి ఇంజను పోయి షెడ్డులో పడుంది. రెండోది ఇంకా నడుస్తోందంటే అది షెడ్డు మెకానిక్ చలవ. చేతిలో పానా లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు గనక అందరూ అతన్ని 'పానా' అనే పిలిచేవాళ్ళు. నడిచే వ్యానుకి ఏది పోయినా, పడున్న వ్యానులోంచి ఊడదీసి దీనికి బిగించేవాడు. లైటు, బ్రేకు, సీటు, తలుపు పిడి. చివరికి ఎవరి ఒంట్లో ఎవరి భాగం ఉందో ఆ వ్యాన్లకే తెలియకుండా పోయింది. సభలో అందరికీ తెలిసిన పద్ధతే. "పానా ఉన్నంతకాలం మనకి స్పేర్ పార్టుల కొట్టు మొహం చూసే పని లేదు" అని మా బావే అతని భుజం తట్టేవాడు. అంతా నోటిమాట.

నడిచే వ్యాను సైలెన్సర్ తుప్పు పట్టి ఊడిపోయింది. పానా అలవాటు ప్రకారం పడున్నదాని సైలెన్సర్ తీసి దీనికి బిగించాడు. మర్నాడు ఆసుపత్రి గేటు దగ్గర తనిఖీ దళం అద్దం పెట్టి చూసింది. నంబరు కలవలేదు.

పానాని లోపలేశారు. నడిచే వ్యాను సాక్ష్యం, కాబట్టి జప్తు. పడున్న వ్యాను బాధితురాలు, కాబట్టి అదీ జప్తు. సభ సొమ్ము తీసి సభ సొమ్ముకే బిగించిన సభ ఉద్యోగి మీద సభ కేసు పెట్టింది. సభ వకీలుకి ఫీజు సభదే. పానాకి వకీల్ని పెట్టుకునే స్తోమత లేదు గనక అతని వకీలుకీ ఫీజు సభదే. ఇద్దరూ కోర్టు బయట ఒకే బల్ల మీద కూచుని టీ తాగి, ఆ బిల్లూ సభకే పంపారు.

ఆ వారం అక్కకి ఒక విడత తప్పిపోయింది. నేను తిన్నగా వాళ్ళింటికెళ్ళాను. బావ హాల్లో కాళ్ళు చాపుకుని గోళ్ళు తీసుకుంటున్నాడు. అక్క సూదులు గుచ్చే చేతిని దిండు మీద పెట్టుకుని సోఫాలో కూచునుంది. చీలమండలు అప్పటికే ఉబ్బాయి.

"ఏం బావా, గజదొంగ దొరికాడటగా. విందెప్పుడు?" అన్నాను.

"చట్టం అందరికీ ఒకటే," అన్నాడు గోటివైపే చూస్తూ.

"తీసి బిగించుకోమంది నువ్వేగా?"

"నేనన్నట్టు ఎవరు విన్నారు?"

"నేను విన్నాను."

"నువ్వు విన్నవీ కన్నవీ నిజమైతే, మన వీధి కాకులకి ఈపాటికి పౌడరు డబ్బాలు కూడా కావాలి."

"వేళాకోళం తర్వాత. 'నేనే తియ్యమన్నాను' అని ఒక్క ముక్క చెప్పు. పానా బయటికొస్తాడు, వ్యానూ వస్తుంది."

"చెప్తే ఏమవుతుందో నీ బుర్రకి తడుతుందా? దొరికిన ప్రతి వెధవా 'నాకూ నోటిమాటే చెప్పారు' అంటాడు. చట్టం చేసినవాడే తప్పాడని ఊరంతా నా మొహాన ఉమ్మేస్తుంది. నీకేం, రెండు కోతలు కోసి ఇంటికి పోతావు."

"మరి అక్క?"

"నా కారులో తీసుకెళ్తాను. నా పెళ్ళాన్ని నేను చూసుకోలేనా?"

అక్క అప్పుడు నోరు విప్పింది. "మిగతా నలుగురి మాటేంటి?"

"వాళ్ళకి వాళ్ళవాళ్ళు లేరా?"

"ఉంటే వ్యానెందుకెక్కుతారు? ఎక్కితే అయిదుగురం ఎక్కుతాం. లేదంటే నేనూ ఇక్కడే ఉంటాను. నా కాళ్ళు వాస్తుంటే చూసుకుంటూ గోళ్ళు తీసుకో."

అలా మా బావ డ్రైవరయ్యాడు. ముందు సీట్లో అక్క. వెనక ఇరుక్కుని నలుగురు: ఒక దర్జీ ఆవిడ, రిటైరైన టికెట్ కలెక్టరు, ఇంకో ఇద్దరు మాటా పలుకూ లేనివాళ్ళు. అక్కని పట్టుకుని దింపడానికి మనిషి కావాలి గనక, సామాను పెట్టే చోట ముడుచుకుని నేను.

మొదటి గోతిలో పడగానే అందరి తలలూ పైకప్పుకి కొట్టుకున్నాయి.

"గోతులు పూడ్చే డబ్బు జైల్లో అన్నం తింటోంది లెండి, మనమే సర్దుకోవాలి," అంది దర్జీ ఆవిడ.

"టికెట్ లేనివాణ్ణి నేనూ దింపేశాను," అన్నాడు టికెట్ కలెక్టరు. "రైలుని మాత్రం ఎప్పుడూ జప్తు చెయ్యలేదు."

"చట్టం కావాలని సభ బయట గొంతు చించుకుంది మీరే!" అన్నాడు బావ.

"చించుకున్నాం. పానాని పట్టుకోమని చించుకోలేదే?" అంది ఆవిడ.

"నేను ముందే చెప్పాను..." అని మొదలెట్టాను వెనకనించి.

"నువ్వు సామానువి. సామానులాగే ఉండు. ఆరోజు సభలో నువ్వు వెలగబెట్టింది చెప్పమంటావా?"

ఆయన చెప్పేశాడు కూడా. సరే, ఇక దాచేదేముంది, నేనే చెప్తాను. ఆరోజు నేను చివరి వరసలో నిద్రపోయాను. కళ్ళు తెరిచేసరికి అందరి చేతులూ పైనున్నాయి. టీ ఎంతమందికో చూస్తున్నారనుకుని నేనూ ఎత్తాను. రెండు చేతులూ ఎత్తాను, రెండు కప్పులు కావాలని. చట్టానికి నేను చేసిన సేవ అంతే. ఫ్యాను ఆగిన మాట నిజం. కరెంటు పోయింది.

కారంతా నవ్వింది. అక్క నవ్వలేదు. నవ్వడానికి ఆమెకి ఊపిరి చాలడం లేదు.

పెద్దాసుపత్రి వంతెన దగ్గర తనిఖీ దళం బండ్లన్నీ ఆపేసింది. ఎండ మండుతోంది. బావ హారన్ మీద చెయ్యి తియ్యలేదు. ఎంతకో మా వంతొచ్చింది. దళం మనిషి అద్దం కర్ర కారు కింద పెట్టి చూశాడు, మళ్ళీ చూశాడు.

"నంబరు కలవడం లేదు సార్. దిగండి."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు సార్. మీ బొమ్మ కిందే నిలబడి డ్యూటీ చేస్తున్నాం. మీసమే తేడాగా ఉంది."

బావ మొహం సున్నం కొట్టినట్టయింది. అక్క సీటు పట్టీ విప్పుకుని, నోరు తెరుచుకుని గాలికోసం కిటికీ మీదకి వంగింది. అప్పుడు బావ కారు దిగాడు. అంత ఎండలో, అంతమంది ముందు అన్నాడు: "పానా చేత తీయించింది నేను. వ్యానుకీ నేనే, ఈ కారుకీ నేనే. రాసుకో. ముందు వీళ్ళని ఆసుపత్రికి పంపు." వాళ్ళు అయిదుగుర్నీ తమ జీపెక్కించి పంపారు. అక్కకి సూదులు గుచ్చారు. సాయంత్రానికి, "ఆకలేస్తోంది" అంది.

తర్వాత బావ కోర్టులోనూ అదే మాట చెప్పాడు. ఆయన మీద కేసు పెడితే ఇంకో జత వకీళ్ళ ఫీజులు కట్టాలని సభ హడలిపోయి ఊరుకుంది. పదవి మాత్రం పీకేశారు. కూడళ్ళలో బొమ్మలు మారాయి, చట్టం మారలేదు. కొత్తాయనకి అసలు మీసమే లేదు. పానా బయటికొచ్చాడు గానీ, బావ ఎదురైతే ఇవాళ్టికీ రోడ్డు దాటి అవతలికి పోతాడు. నడిచే వ్యాను తిరిగొచ్చింది, దాని సైలెన్సర్ మాత్రం సాక్ష్యమని ఉంచేసుకున్నారు. ఇప్పుడది బయల్దేరితే ఊరి చివరికి వినబడుతుంది. ఆ మోత వినే అక్క చెప్పులేసుకుంటుంది.

ఇందులో ఒక్కటి నేను కల్పించాను. వంతెన దగ్గర బావ కారు నంబరు చక్కగా కలిసింది. "వెళ్ళండి సార్" అన్నాడు దళం మనిషి. జీపూ లేదు, ఏమీ లేదు. బావే అందర్నీ ఆసుపత్రిలో దించాడు. తలుపు దాకా అక్క వెనకే వెళ్ళాడు. తర్వాత నన్ను వెనకే ఉంచుకుని కారు తిప్పి, మళ్ళీ ఆ వంతెన దగ్గరికే వచ్చి, దిగి, ఎవరూ అడక్కుండానే వ్యాను సంగతి చెప్పాడు. మా బావకి అంత మంచిపేరు నా నోటిమీదుగా రావడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. అందుకని ఆ నంబరు నేను మార్చాను.