కడుపు మాడిన తోడు

వగియెం తుంటి విరిగి కూతురింట్లో మంచం పట్టినన్నాళ్లూ ఇంటి టెంపే తోడును కోడలు తుమిని కంటికి రెప్పలా చూసుకుంది. కొంప ముంచింది ఆ ప్రేమే.

క్లాటెన్ పట్నం దగ్గరి ఆ పల్లెలో ఒక్కో ఇంటి టెంపేది ఒక్కో రుచి. ఉడికించిన సోయా గింజలను టెంపే గడ్డగా కట్టించే బూజును టేకాకుల నూగులో దాచుకుంటారు. పాలకు తోడు వేసినట్టు ఆ ఆకులనే కొత్త గింజల మీద రుద్దుతారు. వగియెంకు ఆ తోడు తల్లి ఇచ్చింది. తుమిని రోజూ ఆకుల మధ్య కొత్త గింజలు పెట్టింది, నీళ్లు చిలకరించింది, డబ్బాకు మూత బిగించింది. అత్తగారు తిరిగొచ్చి మూత తీస్తే లోపలంతా జిగురు, భరించలేని కంపు. అప్పటికే టెంపే వరసగా కుళ్లిపోయి సంతలో వాళ్ల చాప ఖాళీ అయింది.

తనూ టెంపే అమ్మే పక్కింటి దార్సొ, కొట్లో దొరికే తోడు పొడి తెచ్చిచ్చి కలుపుకోమన్నాడు. మంచివాడే, కాకపోతే వీళ్ల గిరాకీ తనకు వస్తోందన్న సంతోషం దాచుకోవడం చేతకాలేదు. వగియెం పొట్లం తిరిగిచ్చేసింది. పరాయి పొడి చిటికెడు పడినా అమ్మ రుచి ఇక ఉండదు.

ఆమె ఆకులను దండెం మీద గాలికి వేలాడదీసింది. గింజలు లేవు, నీళ్లు లేవు. తుమిని ప్రాణం ఉసూరుమంది.

“చచ్చిపోతుంది అత్తయ్యా, కాస్తయినా పెడదాం.”

“పెట్టీ పెట్టీ దొంగల్ని మేపావు. తడీ తిండీ ఉన్నంతసేపూ ఆ జిగురుదే రాజ్యం. అవి లేకపోతే ముందు చచ్చేది అదే. మన బూజు అలా కాదే, కడుపు మాడితేనే విత్తనం కడుతుంది.”

వగియెం కర్ర ఊతంగా రోజూ సంతకు వెళ్లి ఖాళీ చాప మీద కూర్చుంది. ఏం అమ్ముతున్నావని వేళాకోళమాడితే, చోటు మాత్రం అమ్మట్లేదని చెప్పింది.

ఆకులు గలగలలాడేలా ఎండాయి. జిగురు పొలుసులుగా రాలిపోయి, నూగులో అక్కడక్కడా నల్లటి మసి మిగిలింది. తుమిని అది కుళ్లనుకుని తుడవబోతే, బూజు కట్టిన విత్తనం అదేనంటూ అత్తగారు చెయ్యి పట్టుకుంది. జిగురు మళ్లీ తలెత్తకుండా గింజలను పులిసిన నీళ్లలో నానబెట్టి ఉడికించింది. ఆరాక ఆ నలుపు రుద్ది అరటాకు పొట్లాలు కట్టింది.

మర్నాటికి పొట్లాలు వెచ్చబడ్డాయి. ఆపైన విప్పితే తెల్లటి గట్టి గడ్డ. వగియెం ఓ ముక్క వేయించి నమిలింది. అమ్మ చేతి టెంపే! కళ్లు చెమర్చాయి.

“నా చేతుల్లో పోతుందేమోనన్న భయంతోనే మేపాను అత్తయ్యా,” అంది తుమిని.

వగియెం కొత్త టేకాకుల మధ్య ఆ నలుపు రుద్దిన గింజలు సర్ది కోడలి చేతికిచ్చింది.

“ఈసారి దీని కడుపు నువ్వే మాడ్చు.”

బూజు పట్టాక తుమిని గింజలు తీసేసి ఆకులను దండేనికి కట్టింది. టెంపే బుట్టను వీపున కట్టుకుని, వెనక్కి చూడకుండా సంతకు బయల్దేరింది. వగియెం వెంట వెళ్లలేదు.