కనుబొమల మీద ఎగిరిన విమానం

అయ్యలారా, అమ్మలారా, మీ వీధిలోనూ ఇలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. బయట నిలబడి వింటే లోపల రోజూ యుద్ధమే. "ఉప్పు ఇలా అందుకోండి" అన్న మాట కూడా నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. పక్కింటి టైలరు మిషన్ తొక్కుతూ, "ఇవాళ వాళ్ళింట్లో కూర మాడిందే" అని పెళ్ళానికి వార్తలు చదివేవాడు. నిజానికి అక్కడ పోట్లాటే లేదు. ఆ ఇంట్లో ఒక మనిషి చెవులు అరిగిపోతున్నాయి, మిగతావాళ్ళ గొంతులు అందుకు తగ్గట్టు ఏటికేడు పెరుగుతున్నాయి. ఆ సంగతి వీధికి తెలియదు. చిత్రం ఏమిటంటే ఇంట్లోవాళ్ళకూ తెలియదు, ఒక్క ఇల్లాలికి తప్ప.

ఆ ఇంటి పెద్ద చిన్న విమానాల ఇంజిన్లు బాగుచేసే మేస్త్రి. అందరూ చెవుల మేస్త్రి అంటారు. ఎందుకంటారో చెబుతాను, నమ్మితే నమ్మండి. వయసులో ఉన్నప్పుడు ఆయన అన్నం తింటూ ముద్ద మధ్యలో ఆపి, పైన మబ్బుల్లో పోయే పరాయి విమానాన్ని చూడనైనా చూడకుండా, "పాపం, దాని రెండో ప్లగ్గు దగ్గుతోంది" అనేవాడట. దిగాక విప్పి చూస్తే రెండో ప్లగ్గు నిండా మసి. ఇంకోసారి షెడ్డులో ఒక నట్టు వదులవుదామా వద్దా అని ఆలోచిస్తుంటే, ఆ ఆలోచన ఈయనకు వినిపించి, లేచి వెళ్ళి బిగించి వచ్చాడట. ఇందులో సగం అబద్ధమైనా, మిగిలిన సగానికే ఆయన గొప్పవాడు.

కుదురు లేని మనిషి. కూర్చుంటే కాలు ఊగుతుంది, నిలబడితే వేలు తొడ మీద తాళం వేస్తుంది. ఇంజిన్‌లో ఏది అరిగింది, ఏది మార్చాలి, ఏది ఇంకొన్నాళ్ళు లాగుతుంది అన్నది ఆయన నోటి నుంచే రావాలి. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే గేజీ, లోపలికి దూర్చి చూసే సన్నటి కెమెరా అల్మారాలో దుమ్ము తింటున్నాయి. "గేజీకి అంకెలు తెలుసు, ఇంజిన్ బాధ తెలుసా?" అని నవ్వేవాడు. ఇంజిన్ ఆన్ చేయించి, షెడ్డు గుమ్మంలో దానికి వీపు తిప్పి, కళ్ళు అరమూసి నిలబడేవాడు. సరిగ్గా అప్పుడే ఇల్లాలు టీ ఫ్లాస్కుతో వచ్చి ఎదురుగా నిలబడేది. కాసేపటికి ఆయన తీర్పు చెప్పేవాడు.

ఆ షెడ్డు విమానాల్లో ఒకదాన్ని నడిపేది ఆ ఇంటి కోడలే. కొండల అవతలి ఊళ్ళకు నర్సులను, మందులను, రోగులను చేరవేస్తుంది. కొన్నాళ్ళుగా ఆమెకు స్థిమితం లేదు. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మొదలుపెట్టగానే కాసేపు తడబడుతోంది. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. మళ్ళీ మూడు, మళ్ళీ ఖాళీ. వేడెక్కాక ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది. ఆ ఖాళీ మాత్రం సీటులోంచి ఆమె వెన్నులోకి పాకి, సాయంత్రం ఇంటికొచ్చినా దిగేది కాదు.

షెడ్డులోనే తండ్రికి సాయంగా పనిచేసే భర్తతో అంది.

"మామయ్యకు ఒక మాట చెప్పండి. పొగ వదిలే వాల్వు బిగుసుకుంటోందేమో, మార్చేద్దామని."

"నేనా? ఆయనకు వినపడనిది నాకు వినపడిందంటే ఆయన పరువేం కాను?"

"అయితే మీకూ వినపడిందన్నమాట."

"వినపడింది. ఆయనే ఊరుకున్నారంటే అది లెక్కలోది కాదనేగా."

"అంత నమ్మకముంటే రేపు నా పక్కన కూర్చుని రండి."

"రేపా? నాకు నడుం పట్టేసింది."

మర్నాడు కోడలే అడిగింది. మేస్త్రి నవ్వేశాడు. "ఎందుకమ్మాయ్ కంగారు? వింటానుగా. నన్ను దాటి ఏ జబ్బూ పైకి ఎగరలేదు." అంటూనే రోడ్డు వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ చూశాడు. ఇంట్లో పంపు రిపేరు మనిషి రావడం ఆలస్యమై ఇల్లాలు ఇంకా బయలుదేరలేదు.

బెంచీ మీద మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని నర్సు, కంటి ఆపరేషన్ చేయించుకుని ఊరికి పోతున్న పెద్దాయన ఎదురుచూస్తున్నారు. కోడలు ఇంజిన్ మొదలుపెట్టింది. మేస్త్రి వీపు తిప్పి నిలబడ్డాడు. వేలు తాళం వేస్తోంది. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. విమానం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఇంకో ఖాళీ. ఒక్క కుదుపు కుదిపి ఇంజిన్ ఆగిపోయింది.

షెడ్డు నిశ్శబ్దమైంది. మేస్త్రి వేలు మాత్రం ఆగలేదు. తల కూడా ఊగుతోంది.

"చూశారా, ఎలా పాడుతోందో. వాల్వుకేం ఢోకా లేదు. ఇక ఎక్కండి."

కొడుకు చేతిలో పానా వైపు చూసుకున్నాడు. కోడలు సీటులోంచి దిగి భర్త వైపు చూసింది. గౌరవం అనుకుని మనం నోళ్ళు ఎక్కడెక్కడ మూసుకుంటామో చూడండి, చివరికి ప్రాణం మీదికి వచ్చినచోట కూడా. ఆఖరికి కంటికి కట్టుతో ఉన్న పెద్దాయనే అన్నాడు.

"నాకు ఒక కన్నే పనిచేస్తోందమ్మా, తప్పయితే ఏమనుకోకండి. ఆ ఫ్యాను ఆగిపోయినట్టుంది కదూ?"

అప్పుడే ఇల్లాలు ఫ్లాస్కుతో పరుగున వచ్చింది. కదలని ఫ్యాను, కదులుతున్న వేలు, అందరి ముఖాలు చూసింది. వెళ్ళి ఆ వేలిని గుప్పిట్లో పట్టుకుంది. మేస్త్రి కళ్ళు తెరిచాడు, వెనక్కి తిరిగాడు.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?" కోడలు మెల్లగా అడిగింది. ఆ కుటుంబంలో మెల్లగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

"చాన్నాళ్ళయిందమ్మా. నేను రోజూ టీ కోసమే వస్తున్నాననుకున్నారా? బాగుంటే కనుబొమలు ఎత్తుతాను, లేకపోతే ముడుస్తాను. అది చూసి ఆయన చెబుతారు."

"మీకు ఇంజిన్ల సంగతి తెలుసా?"

"నాకేం తెలుసు! మరీ మోతగా ఉంటే ముడిచేదాన్ని. ఒకసారి తుమ్ము వచ్చి మొహం చిట్లిస్తే ఆయన కార్బురేటర్ మొత్తం విప్పించారు."

కోడలికి నవ్వొచ్చింది. ఆ వెనకే విమానం రెక్కను గట్టిగా పట్టుకుంది. ఆ కొండల మీద ఇన్నాళ్ళూ తను ఎగిరింది అత్తయ్య కనుబొమల మీద.

మేస్త్రి పాత టైరు మీద కూర్చున్నాడు. కాలు ఊగడం లేదు. "చెవుల మేస్త్రికి చెవుడని తెలిస్తే జనం నవ్వరూ?" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

పెద్దాయన తడుముకుంటూ వచ్చి ఆయన చెవి దగ్గర గట్టిగా అన్నాడు. "కన్ను మసకేస్తే కట్టు కట్టుకుని ఊరంతా తిరుగుతున్నా. నవ్వేవాళ్ళు నవ్వారు, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేవాళ్ళు దాటించారు. నువ్వు దాచుకుని కూర్చుంటే చెయ్యి పట్టుకునేదెవరు బాబూ?"

నర్సునూ పెద్దాయననూ వేరే విమానంలో పంపారు. అల్మారాలోంచి గేజీ తీశారు. మూడు సిలిండర్లు ఒత్తిడి నిలుపుకున్నాయి, నాలుగోది చిల్లుకుండలా వదిలేసింది. విప్పితే, వాల్వు కాడకు మాడిన నూనె నల్లటి పెంకులా కట్టి ఉంది, అంచు ఒకచోట కాలి, కొరికినట్టు ఊడిపోయి ఉంది. మేస్త్రి దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి తడిమి చూశాడు. "ఇది కొండ మీద బిగుసుకుని ఉంటే..." అని ఆగి, కోడలి తల మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాత ఆయన చెవిలో చిన్న మిషన్ పెట్టించుకున్నాడు. ఇంటికి రాగానే మొదట అన్న మాట, "ఎందుకర్రా అలా గొంతేసుకుని అరుస్తారు, నాకేమన్నా చెవుడా?" ఇల్లు ఒక్కసారిగా సద్దుమణిగేసరికి పక్కింటి టైలరు కంగారుపడి వచ్చాడు, మొగుడూ పెళ్ళాలు విడిపోయారేమోనని.

ఇప్పుడు షెడ్డులో గేజీ ఒక మాట చెబుతుంది, కెమెరా ఒక మాట, నడిపే మనిషి ఒక మాట. ఏ ఒక్కరికి అనుమానమొచ్చినా ఇంజిన్ విప్పుతారు. అయినా కొత్తగా చేరినవాడెవడో, "తిరుగుతూనే ఉందిగా మేస్త్రీ, అప్పుడే మార్చడమెందుకు?" అంటూనే ఉంటాడు. అప్పుడు మేస్త్రి జేబులోంచి ఆ పాత వాల్వు, చెవిలోంచి మిషన్ తీసి రెండూ అరచేతిలో పక్కపక్కన పెడతాడు.

"అరగడం తప్పు కాదు నాయనా. వాల్వుకు నోరు లేదు, అందుకే దాన్ని విప్పి చూసుకోవాలి. నాకు నోరుంది. నోరుండి కూడా అరిగానని చెప్పకుండా జనాన్ని ఎక్కించాను చూడు, అదీ తప్పు."